గోడకి ఏ రంగు? షేడ్ కార్డు కంటే ముందు చూడాల్సినవి

మూడేళ్ల కిందట మా హాలుకి గ్రే వేయించాం. షాపులో కార్డు మీద చూస్తే పావురం రెక్కలా మెత్తగా ఉంది. రెండో కోటు అయ్యేసరికి రాత్రి ఏడయింది, ట్యూబ్‌లైట్ వేశాం. ఊరి నుంచి అప్పుడే దిగిన మా అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ హాలంతా ఓసారి కలియజూసి, "ఇంకా రంగులు మొదలుపెట్టలేదట్రా?" అంది. వెటకారం కాదు. నిజంగానే సిమెంటు పూత దగ్గరే పని ఆగిపోయిందనుకుంది.

అదే గ్రే, అదే కంపెనీ, అదే కోడ్, మా తమ్ముడింట్లో చక్కగా కుదిరింది. వాడి హాల్లో పొద్దుటి ఎండ నేరుగా గోడ మీద పడుతుంది, కింద మీగడ రంగు టైల్స్, రాత్రిపూట పసుపు లైట్లు. మాది ఉత్తరం కిటికీ, ఎదురుగా ఆరడుగుల్లో పక్క అపార్ట్‌మెంట్ గోడ, నేల మీద నీలం తాండూరు బండలు, పైన తెల్లటి ట్యూబ్‌లైట్లు. ఆ గ్రేలో లోపల్లోపల దాక్కున్న నీలాన్ని మా హాలు బయటికి లాగింది, వాడి హాలు మింగేసింది.

అప్పటినుంచి ఎవరైనా "హాలుకి ఏ రంగు బాగుంటుంది?" అని అడిగితే ముందు వాళ్ల కిటికీ ఎటుందో, నేల ఏమిటో, ఏ లైట్లు వాడుతున్నారో అడుగుతున్నాను. ఈ మూడూ తెలిశాక ఎంపిక చాలా చిన్నదైపోతుంది.

మన ఎండ వేరు

యూట్యూబ్‌లో ఇంటి రంగుల సలహాలు చాలావరకు యూరప్, అమెరికా ఇళ్లను చూసి చెప్పినవి. "ఉత్తరం గది చల్లగా, దిగులుగా ఉంటుంది కాబట్టి వెచ్చటి రంగులు వేయండి, దక్షిణం గదికి ఏదైనా ఫరవాలేదు" అంటారు. లండన్‌కి అది నిజం. మనకి సగమే నిజం. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోకి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఎండ కూడా వస్తుంది. మళ్లీ కార్తీకం, మార్గశిరం వచ్చేసరికి ఆ గదికి నేరుగా ఎండే ఉండదు, ఆకాశం నుంచి వచ్చే నీలిపాటి వెలుతురే దిక్కు.

మనకి అసలు తలనొప్పి పడమటి గది. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ నేరుగా లోపలికి వస్తుంది, పొద్దు వాలేకొద్దీ నారింజ రంగులోకి తిరుగుతుంది. ఆ గదికి పీచ్, లేత నారింజ, చిక్కటి పసుపు వేశారా, సాయంత్రం నాలుగింటికి గది కుంపటిలా కనిపిస్తుంది. పడమటికి లేత పిస్తా, నీలం కలిసిన తెలుపు, పచ్చదనం ఉన్న లేత గ్రే హాయిగా ఉంటాయి. ఉత్తరం గదికి, కిటికీకి ఎదురుగా ఇంకో బిల్డింగ్ అడ్డమున్న గదికి మీగడ, గంధం, లేత పసుపు. తూర్పు గది పొద్దున తొమ్మిది దాకా ఏ రంగునైనా బంగారం చేస్తుంది, ఆ తర్వాత చప్పబడుతుంది. తూర్పు వైపు పడకగదిలో ఎక్కువసేపు ఉండేది రాత్రే గనక అక్కడ ఎండ కంటే బల్బునే లెక్కలోకి తీసుకోవాలి.

ఒక అపోహ మాత్రం ముందే తీర్చేసుకుందాం. లోపలి గోడకి లేత నీలం వేస్తే గది చల్లగా అనిపిస్తుందేమో గానీ, చల్లబడదు. వేడి తగ్గేది బయటి గోడకి, డాబా మీద తెలుపు వేస్తేనే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ లెక్క మీదే. పడమటి గోడ వేడెక్కుతోందంటే ఆ డబ్బు బయటి పెయింట్ మీద పెట్టండి.

ఇక బల్బు సంగతి. పెట్టె మీద 6500కె అని ఉంటే అది నీలిపాటి తెలుపు, మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు ఎక్కువగా ఇవే. 3000కె అంటే పసుపు లైటు. 4000కె మధ్యరకం. 6500కె కింద మీగడ రంగు కాస్త ఆకుపచ్చగా, గ్రే నీలంగా, పీచ్ పాలిపోయినట్టుగా కనిపిస్తాయి. రంగు ఎంచుకునే ముందే లైట్లు ఏవో తేల్చుకోండి. నేను ఆ పని తిరగేసి చేశాను. తర్వాత ట్యూబ్‌లైట్లు తీసి 4000కె పెట్టాక ఆ గ్రే సగం బాగుపడింది. మిగతా సగం మా నేల వల్ల బాగుపడలేదు.

తెలుపా, మీగడా?

పూర్వం ఈ ప్రశ్నే లేదు. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో వెల్ల వేసేవాళ్లు. తడి సున్నంలో కాస్త నీలిమందు కలిపితే గోడ మల్లెపూవులా మెరిసేది. అడుగున జాజు పట్టీ. ఇప్పుడు షేడ్ కార్డులో తెలుపు ఒక్కటే పాతిక రకాలు: ఒకదాంట్లో పసుపు చుక్క, ఒకదాంట్లో నలుపు చుక్క, ఇంకోదాంట్లో గులాబి.

తేడా కనిపెట్టాలంటే ఒక చిట్కా ఉంది. కార్డుని అచ్చ తెల్లని జిరాక్స్ కాగితం మీద పెట్టండి. విడిగా చూస్తే తెల్లగా ఉన్నది కాగితం పక్కన పసుపో, గులాబో బయటపెట్టేస్తుంది. కార్డు పట్టీలో ఒకే వరుసలో ఉన్న అన్నిటికంటే ముదురు గడి చూసినా తెలుస్తుంది. పైనున్న లేత గడిలో అదే రంగు పల్చగా ఉందన్నమాట.

అచ్చ తెలుపు వెలుతురు తక్కువున్న గదికి మంచిదని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది తిరగబడుతుంది. తెలుపుకి సొంత రంగు లేదు, పక్కనున్నదాన్ని అద్దుకుంటుంది. చీకటి గదిలో తెలుపు మాసిన పంచెలా కనిపిస్తుంది. మా పక్కింటావిడ పడకగది గోడ అచ్చ తెలుపే, కానీ పగలంతా గులాబిగా ఉంటుంది, ఎందుకంటే ఎదురింటి ప్రహరీ ఇటుక రంగు. వెలుతురు బాగా వచ్చే గదిలోనే తెలుపు తెలుపులా నిలుస్తుంది. వెలుతురు తక్కువైతే మీగడో, లేత గంధమో వేయండి, కాస్త వెచ్చగా ఉంటుంది.

టేకు తలుపులు, కిటికీలు ఉన్న ఇంటికి నా ఓటు కళ్లు మూసుకుని మీగడకే. టేకులో ఉన్న తేనె రంగు మీగడతో కలిసిపోతుంది. తెల్ల లామినేట్ తలుపులు, అల్యూమినియం కిటికీలు, బూడిద రంగు టైల్స్ ఉన్న కొత్త ఫ్లాటులో మీగడ వేస్తే మాత్రం ఆ తెల్ల తలుపుల పక్కన గోడ పాతబడినట్టు ఉంటుంది. అక్కడ తెలుపే నయం.

గ్రే, గంధం

పదేళ్లుగా అందరూ గ్రే అంటున్నారు. తప్పేం లేదు, టీవీ వెనక, పుస్తకాల అర వెనక బాగుంటుంది. కానీ మన ఇళ్లలో గ్రేకి ఇద్దరు శత్రువులు. ఒకటి ట్యూబ్‌లైట్, చెప్పాను. రెండోది టేకు. నీలిపాటి గ్రే పక్కన టేకు తలుపు ఉన్నదానికంటే ఎర్రగా, నారింజగా కనిపిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నట్టు ఉంటాయి. గ్రే కావాల్సిందేనంటే మట్టి రంగు కలిసిన గ్రే అడగండి. షాపువాళ్లు వార్మ్ గ్రే అంటారు. గోడ మీద అది గంధానికి దగ్గరి చుట్టం.

గంధం రంగు ఎవరూ ఫ్యాషన్ అనరు, అందుకే దానికి కాలం చెల్లదు. దుమ్ము కనపడదు. హైదరాబాద్ లాంటి చోట రోడ్డు పక్క ఫ్లాటుకి ఇది పెద్ద సుగుణం. బేతంచర్ల బండ, పసుపు తాండూరు, ఐవరీ టైల్, ఎర్ర గచ్చు, అన్నిటితోనూ సర్దుకుపోతుంది. దీని లోపం ఒకటే: హాలు, పడకగదులు, వసారా, అన్నీ గంధమే అయితే ఇల్లు సత్రంలా ఉంటుంది. ఎక్కడో ఒకచోట దాన్ని విరగ్గొట్టాలి.

ఒక్క గోడ ముదురు

అక్కడే ఈ ఒక్క గోడ పనికొస్తుంది. షేడ్ కార్డు పేర్లు నాకెప్పుడూ అయోమయమే. సముద్రాలు, మబ్బులు, ఐస్‌క్రీములు. మనకి చీరల రంగుల్లో ఇంతకంటే కచ్చితమైన మాటలున్నాయి. నెమలి కంఠం, కనకాంబరం, వంగపండు, ముక్కుపొడి, చిలకపచ్చ, మెంతి రంగు. ఇంట్లో అందరూ ఒకే రంగు మాట్లాడుకోవాలంటే బీరువా తెరిచి చీర చూపించడమే తేలిక. మా వదిన ఏకంగా పాత కనకాంబరం చీర గోడకి పిన్నులు పెట్టి రెండు రోజులు ఉంచింది. రెండో రోజు సాయంత్రానికి "అమ్మో వద్దు" అంది. వెయ్యి రూపాయల పెయింటు మిగిలింది.

ముదురు గోడ ఏదవ్వాలి? గదిలోకి రాగానే కళ్లు పడేది, కిటికీ లేనిది. కిటికీ ఉన్న గోడకి ముదురు వేస్తే కిటికీ వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది, గోడ నల్లటి చట్రంలా మిగులుతుంది. పొడుగ్గా, రైలు పెట్టెలా ఉన్న హాలుకి చివరి పొట్టి గోడ ముదురైతే గది కాస్త చదరంగా కనిపిస్తుంది. చిన్న గదిలో ఎదురెదురు గోడలు రెండూ ముదురు వేస్తే ఇరుకు.

ఖర్చు సంగతి కూడా. షాపులో యంత్రం తెల్లటి బేస్‌లో రంగు చుక్కలు కలుపుతుంది. ముదురు షేడ్‌కి బేస్ వేరు, రంగు ఎక్కువ, కాబట్టి లీటరు ధర ఎక్కువ. పైగా చిక్కటి ఎరుపు, నిమ్మపసుపు లాంటివి కింది రంగుని సరిగ్గా కప్పవు. రెండు కోట్లతో సరిపోతుందని పెయింటర్ అన్నా మూడోది పడుతుంది, నాలుగోదీ పడొచ్చు. నెమలి కంఠం, ముక్కుపొడి, ఇటుక రంగు బాగానే కప్పుతాయి. ముదురు గోడ మీద గీతలు తెల్లగా తేలతాయి, వాటిని తర్వాత అద్దితే అతుకులు కనిపిస్తాయి. సైకిళ్లు, కుర్చీలు రాసుకునే చోట ముదురు వద్దు.

నూనె, పొగ, పసుపు

ఇంటి పత్రికల్లో ఫొటోలకి, మన ఇళ్లకి తేడా ఇక్కడ తెలుస్తుంది. మంచం తలవైపు గోడ చూడండి. సరిగ్గా తల ఆనే ఎత్తులో, గుండ్రంగా, అరచేయి అంత నూనె మరక. కొబ్బరినూనె రాసుకునే ఇంట్లో ఆరు నెలల్లో వస్తుంది, మెరుపులేని మాట్ పెయింట్ దాన్ని పీల్చుకుంటుంది, తుడిస్తే ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి పడకగదిలో ముదురు గోడ వేసేదేదో తలవైపే వేయండి, ఆ ఒక్క గోడకి కాస్త మెరుపున్న, కడగడానికి వీలైన ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్) తీసుకోండి. మిగతా మూడు గోడలూ లేతగా, మాట్‌లో ఉండొచ్చు.

వంటింట్లో టైల్ పైన మిగిలే గోడకి అచ్చ తెలుపు వేసి నిలబెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. పోపు ఆవిరి జిడ్డు, దాని మీద దుమ్ము, ఏడాదికి తెలుపు టీ రంగులోకి దిగుతుంది. లేత పసుపో, మీగడో వేస్తే ఆ మార్పు కనపడదు. కడిగే రకం తప్పనిసరి. కొందరు ఎనామిల్, అంటే ఆయిల్ పెయింట్ వేస్తారు. గట్టిగా ఉంటుంది గానీ, తెల్ల ఎనామిల్ వెలుతురు తగలని మూలల్లో దానంతటదే పసుపెక్కుతుంది.

పూజ గది చిన్నదైతే దీపం మసి పైకప్పుకే ముందు అంటుతుంది. గోడల గురించి ఆలోచించి పైకప్పుకి మామూలు తెలుపు వేసేస్తారు. అక్కడ కూడా కడిగే రకమే వేయండి. వాస్తు గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: ఆగ్నేయానికి ఫలానా, ఈశాన్యానికి ఫలానా అని చెప్పే రంగుల్ని ఎవరూ ఇంత ముదురే అని చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్లు నారింజ అంటే, మీగడలో నారింజ చుక్క కలిసిన షేడ్‌తో వాళ్లూ సంతోషిస్తారు, మీరూ బతికిపోతారు. పిల్లల గదికి వాళ్లనే అడగండి, కానీ నడుము ఎత్తు దాకా కడిగే పెయింట్ వేయించండి. రంగు రెండేళ్లకు ఎలాగూ మారుస్తారు.

మెరుపు ఎంత ఉండాలన్నది రంగు అంత ముఖ్యం. లప్పం సరిగ్గా పట్టించని గోడ మీద మెరుపు పెయింట్ వేస్తే సాయంత్రం ఎండ పక్కనుంచి పడినప్పుడు ప్రతి గుంటా, ప్రతి గీతా కనిపిస్తుంది. పాత ఇంటి ఎగుడుదిగుడు గోడలకి మాట్ దయగలది. డిస్టెంపర్ చవకే, కానీ తడి గుడ్డ తగిలితే చేతికి అంటుకుంటుంది. అద్దెకిచ్చే పోర్షన్‌కి తప్ప నేను వేయను. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ గనక చెమ్మ మరకలున్న గోడకి ఏ రంగు వేసినా ఏడాదిలో పెచ్చులే. ముందు నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో పట్టుకోవాలి. కొత్త సిమెంటు పూత అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి.

చార్టుతో పరీక్ష

కార్డు మీది గడి అగ్గిపెట్టె అంత. గది గోడలన్నీ కలిపితే నాలుగొందల చదరపు అడుగులు. ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడి మళ్లీ వెనక్కి వస్తుంది కాబట్టి నాలుగు గోడల మధ్య ఏ రంగైనా కార్డు కంటే చిక్కగా తోస్తుంది. అందుకే నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోమని పెయింటర్లు చెప్పేది. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక కాస్త ముదురుతుంది, కాబట్టి తడి గోడ చూసి గొడవ పెట్టుకోకండి.

మూడు షేడ్లకి మించి పరీక్షించొద్దు. ఒక్కోటి అతి చిన్న డబ్బా తెచ్చుకుని, స్టేషనరీ షాపులో దొరికే తెల్ల చార్టుల మీద రెండు కోట్లు వేయండి. చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలేయండి. లేకపోతే పాత గోడ రంగు మీ కళ్లను మోసం చేస్తుంది. ఒక చార్టు కిటికీ ఎదురుగా, తర్వాత కిటికీ ఉన్న గోడకే, తర్వాత తలుపు పక్కన అంటించి, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం మూడుకి, రాత్రి లైట్లు వేశాక చూడండి. అడుగున నేలకి ఆనించి కూడా చూడాలి, గోడా నేలా కలిసే చోటే పొరపాటు బయటపడుతుంది. నేను ఆ గ్రేని తాండూరు బండ పక్కన ఒక్క నిమిషం నిలబెట్టి ఉంటే చాలు.

రాత్రి చూపే రంగుకి ఎక్కువ మార్కులు వేయండి. ఉద్యోగస్తుల ఇంట్లో హాలు నిండేది సాయంత్రం ఆరు తర్వాతే.

కార్డుల వెనకో, కంపెనీ వెబ్‌సైట్లోనో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తారు. గోడ ఎంత వెలుతురు తిప్పి ఇస్తుందో చెప్పే లెక్క, 0 నుంచి 100. మంచి తెలుపు 85 చుట్టుపక్కల, ముదురు నెమలి కంఠం 15కి అటూ ఇటూ. ఒకే కిటికీ ఉన్న గదిలో మూడు గోడలకైనా 60కి తగ్గకుండా చూసుకుంటే పగలు లైటు వేయాల్సిన పని తక్కువ. రెండు షేడ్ల మధ్య కొట్టుమిట్టాడుతుంటే ఈ అంకె తేల్చేస్తుంది.

ఎంత కొనాలి

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గది అనుకుందాం. చుట్టుకొలత 44, ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు. ఒక తలుపు, ఒక కిటికీ తీసేస్తే 400. నున్నటి గోడ మీద లీటరుకి రెండు కోట్లు కలిపి సుమారు 120 చదరపు అడుగులు వస్తాయనుకుంటే మూడున్నర లీటర్ల లోపే. నాలుగు లీటర్ల డబ్బా చాలు. డబ్బా మీద కంపెనీ రాసిన లెక్క చూసి సరిచేసుకోండి, ముదురు షేడ్‌కి కోటు ఎక్కువ పడితే ఇది మారుతుంది.

ఒక గదికి కావాల్సిందంతా ఒకేసారి కలిపించండి. మధ్యలో తగ్గిందని మళ్లీ ఇంకో డబ్బా కలిపిస్తే అదే కోడ్ అయినా ఒక్కోసారి పిసరంత తేడా వస్తుంది, అది సరిగ్గా గోడ మధ్యలో కనిపిస్తుంది. రెండు మూడు డబ్బాలైతే పెద్ద బకెట్లో అన్నీ పోసి కలిపాకే మొదలుపెట్టమనండి. నీళ్లు డబ్బా మీద రాసినంతే. సాగుతుంది కదా అని పలచన చేస్తే రెండు కోట్ల తర్వాత కూడా కింది లప్పం మచ్చలు తొంగిచూస్తాయి.

మిగిలింది పారేయకుండా మూత బిగిసే చిన్న సీసాలో పోసి, కంపెనీ, కోడ్, ఏ గదిదో, ఏ తేదీనో మూత మీద మార్కర్‌తో రాయండి. స్విచ్‌బోర్డు పక్కన వేలిముద్రలకి, సోఫా రాసుకున్న గీతలకి అదే మందు.

మా గ్రే డబ్బాలో లీటరు మిగిలింది. హాలు గంధం అయిపోయింది కాబట్టి దాన్ని వాషింగ్ మెషీన్ వెనక గోడకి కొట్టించాం. మొన్న అమ్మ వచ్చినప్పుడు అక్కడ బట్టలు తీస్తూ, "ఈ గోడ బాగుందిరా, హాలుకి కూడా ఇదే వేయించాల్సింది" అంది.